నాలుగో పాట దగ్గర ఆగిపోయాను

(ఒంగోలులో, పాటలంటే ఇష్టమున్న కొద్దిమంది నెలకోసారి కలుసుకునేచోట చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకి వినబడుతోందా? ఫ్యాను శబ్దం అడ్డమైతే చెప్పండి. పాట పెట్టేటప్పుడు ఎలాగూ ఆపాల్సిందే.

పోయిన నెల ఇక్కడ ఘంటసాల గారి పద్యాల గురించి విన్నాం. అంతకుముందు నెల మన నెల్లూరు బాలు గారి గురించి. వాళ్ల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ గదిలోనే పదిమంది ఉన్నారు. అందుకని మీలో ఎక్కువమంది విని ఉండని ఒక ఆల్బమ్ గురించి చెబుదామని వచ్చాను. బ్యాండ్ పేరు బిగ్ స్టార్. వాళ్లది అమెరికాలో మెంఫిస్, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఊరు. ఆల్బమ్ పేరు నంబర్ వన్ రికార్డ్. 1972లో వచ్చింది. పన్నెండు పాటలు. ఇరవై ఏళ్లుగా నాతో ఉన్నాయి ఆ పన్నెండూ.

అది నా చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. మన గెలాక్సీ రాయి మీకు కొత్తేం కాదు. నల్లటి రాయిలో బంగారు పొడి చల్లినట్టు చుక్కలుంటాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నాం గానీ, భూగర్భశాస్త్రం చదివినవాళ్లు దాన్ని గాబ్రో జాతి రాయి అంటారు. క్వారీ నుంచి బ్లాక్ వచ్చినప్పుడు ఆ చుక్కలు పెద్దగా కనపడవు. దుమ్ము కొట్టుకుపోయి, బూడిదరంగులో, మామూలు బండలా ఉంటుంది. బయ్యరు తరఫున చూడ్డానికి వచ్చినాయన బకెట్టుతో నీళ్లు తెప్పించి బండ మీద పోయిస్తాడు. నీళ్లు పడ్డ మేర నల్లగా నిగనిగలాడి, ఆ తడిలో చుక్కలు ఒక్కసారిగా పైకి తేలతాయి. గీతలున్నా, మచ్చలున్నా అప్పుడే బయటపడతాయి. నీళ్లు ఆరేలోపు చూసుకోవాలి. అట్లా బండ తర్వాత బండ, ఎండలో, నీళ్లు పోయిస్తూ చూస్తూ తిరిగేవాడు ఒక ఇటలీ ఆయన. ఏడాదికి రెండుమూడు సార్లు వచ్చేవాడు. కార్లో ఎప్పుడూ ఏదో ఒక పాట మోగుతుండేది. 2002లో అనుకుంటా, చివరిసారి వెళ్లిపోతూ నాకొక సీడీ ఇచ్చాడు. నీకు పాటలంటే ఇష్టం కదా, ఇది ఉంచుకో అన్నాడు. అంతే. దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ సీడీలో రెండు ఆల్బమ్‌లు కలిపి ఉన్నాయి. మొదటి పన్నెండు పాటలు నంబర్ వన్ రికార్డ్. తర్వాత పన్నెండు, 1974లో వచ్చిన రేడియో సిటీ. అట్ట మీద నియాన్ లైటుతో చేసిన నక్షత్రం, దాని మధ్యలో బిగ్ అని అక్షరాలు. చుక్కల రాయి అమ్ముకునే ఊళ్లో ఉన్నవాణ్ణి కదా, ఆ బొమ్మ మాత్రం చూడగానే నచ్చింది.

పాటలు నచ్చలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మొదటి పాటే ఒకాయన గొంతు చించుకున్నట్టు ఎత్తుకుంటాడు. గిటార్లు, వెనక బాకాలు. నేను అప్పటిదాకా విన్నవి ఇళయరాజా పాటలు, కొన్ని హిందీ పాటలు, ఇంగ్లీషులో అందరూ వినే నాలుగైదు. అట్లాంటి చెవికి ఇది గోలగా తోచింది. రెండోసారి పెట్టాను, మూడోసారి పెట్టాను. బీరువాలో పెట్టేశాను. ఒక ఏడాది దాని మొహం చూడలేదు.

తర్వాత ఒక వేసవి. మే నెల. రాత్రి కరెంటు పోయింది. అప్పట్లో పోతే ఎప్పుడొస్తుందో తెలీదు. మా ఆవిడ, పాప డాబా మీద చాపలేసుకుని నిద్రపోయారు. నాకు నిద్ర పట్టలేదు. పెన్సిల్ సెల్లులతో నడిచే చిన్న సీడీ ప్లేయరు ఉండేది నా దగ్గర. చీకట్లో చేతికి ఏ సీడీ తగిలితే అది వేశాను. మొదటి పాట రాగానే అర్థమైంది, ఇది ఆ ఇటలీ ఆయన సీడీయే అని. లేచి మార్చే ఓపిక లేక వదిలేశాను. రెండు, మూడు అయిపోయాయి. నాలుగోది మొదలైంది.

ఆ పాట పేరు థర్టీన్. పదమూడు. డ్రమ్ములు లేవు. గిటార్లు, గొంతులు, అంతే. తీగ మీద వేలు జారేటప్పుడు సన్నగా ఒక చప్పుడు వస్తుంది చూడండి, అది కూడా వినబడుతోంది ఇయర్‌ఫోన్లలో. పాడేవాడి గొంతు పలచగా ఉంది, ఎవరైనా లేస్తారేమోనని నెమ్మదిగా పాడుతున్నట్టుంది. చుట్టూ చీకటి. ఊళ్లో ఏ మోటారూ తిరగడం లేదు, ఏ టీవీ మోగడం లేదు. రెండున్నర నిమిషాలు ఉంటుందేమో పాట. అయిపోగానే వెనక్కి నొక్కాను. మళ్లీ. మళ్లీ. సెల్లులు నీరసించి గొంతు ఆగిపోయేదాకా విన్నాను. తెల్లారి షాపు తీయకముందే వెళ్లి కొత్త సెల్లుల కోసం నిలబడ్డాను.

మాటలు వెంటనే అర్థం కాలేదు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసే ఉద్యోగమే అయినా, పాటలో మాట వేరు. ఒక నోటు బుక్కు పెట్టుకుని, ఒక్కో లైను ఆపుకుంటూ రాసుకున్నాను. పదమూడేళ్ల పిల్లవాడు ఒక అమ్మాయిని అడుగుతున్నాడు. బడి నుంచి ఇంటిదాకా నీతో నడిచి రానా? శుక్రవారం డాన్సుకి టికెట్లు దొరుకుతాయేమో, నిన్ను తీసుకెళ్లనా? మీ నాన్నని నా మీద విరుచుకుపడొద్దని చెప్పు. ఇట్లాంటి మాటలే. ఎక్కడా ఉపమానాలు లేవు, చందమామ లేదు. చివరికొచ్చేసరికి అంటాడు, వద్దంటే చెప్పు, నేను వెళ్లిపోతాను, నిన్ను బలవంతపెట్టను అని.

ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన పాటల్లో, మన సినిమాల్లో అబ్బాయి వెంటపడతాడు. అమ్మాయి వద్దంటుంది. వద్దంటే అవునని అర్థమని పక్కనున్న స్నేహితులు చెబుతారు. మూడో రీలు దాకా వెంటపడి, నాలుగో రీల్లో డ్యూయెట్టు. చిన్నప్పటి నుంచి అవే చూసి పెరిగాం, చప్పట్లు కొట్టాం. నాకు కూతురు పుట్టాక ఆ పాటలు వింటుంటే గుండెలో ఏదో గుచ్చుకునేది, అదేంటో చెప్పడం చేతనయ్యేది కాదు. ఎక్కడో మెంఫిస్‌లో ఒక పిల్లవాడు, వద్దంటే వెళ్లిపోతానని గిటారు పట్టుకుని అంత మర్యాదగా పాడుతుంటే, ఆ గుచ్చుకున్నదేంటో నాకు తెలిసింది. ఆ మాట పాడేటప్పుడు కూడా వాడి గొంతులో ప్రేమ ఏమీ తగ్గదు. వెళ్లిపోతానన్నప్పుడే ఇంకా ఎక్కువగా వినబడుతుంది.

ఇక ఈ మనుషులెవరో చెబుతాను. ఆ పాట పాడినాయన అలెక్స్ చిల్టన్. పదహారేళ్లకే బాక్స్ టాప్స్ అనే బ్యాండ్‌లో పాడాడు. 1967లో వాళ్ల పాట అమెరికా మొత్తం మీద మొదటి స్థానానికి వెళ్లింది. అందులో ఆయన గొంతు వింటే నలభై ఏళ్ల మనిషి, సిగరెట్లు తాగి తాగి బరువెక్కిన గొంతు అనుకుంటారు. ఇరవై ఒకటో ఏట థర్టీన్ పాడాడు, పదమూడేళ్ల గొంతుతో. ఆ రెండూ ఒకే మనిషివని నమ్మడానికి నాకు చాలాకాలం పట్టింది.

రెండో ఆయన క్రిస్ బెల్. మొదటి పాటలో గొంతు చించుకున్నాడని చెప్పానే, ఆయన. నిజానికి ఈ ఆల్బమ్‌కి వెన్నెముక ఆయనే అంటాను నేను. బేస్ గిటారు ఆండీ హమ్మెల్, డ్రమ్ములు జోడీ స్టీఫెన్స్. మెంఫిస్‌లో ఆర్డెంట్ అనే స్టూడియో ఉంది. దాని యజమాని జాన్ ఫ్రై, ఆయనే సౌండ్ ఇంజనీరు. ఈ కుర్రాళ్లకి మిషన్ల మీద పని నేర్పి, రాత్రిళ్లు స్టూడియో ఇచ్చేవాడు. అదీ అసలు సంగతి. డబ్బు కట్టి గంటల లెక్కన పాడితే ఈ ఆల్బమ్ ఇట్లా వచ్చేది కాదు. ఒక్కో శబ్దం విడివిడిగా, కడిగి ఆరబెట్టినట్టు ఉంటుంది. మన పాలిషింగ్ యూనిట్లో ముందు గరుకు రాయి, తర్వాత దానికంటే నున్నటిది, ఆ తర్వాత ఇంకా నున్నటిది పెట్టి, పైన నీళ్లు పారుతుండగా అరగదీస్తారు కదా. తొందరపడి ఒక వరస వదిలేస్తే చుక్క మసగ్గానే ఉండిపోతుంది. ఇందులో ఏ వరసా వదల్లేదు వాళ్లు.

బ్యాండ్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, స్టూడియో దగ్గర్లో ఒక పచారీ సరుకుల షాపు ఉండేది. దాని బోర్డు మీద పేరు బిగ్ స్టార్. అదే పెట్టుకున్నారు. ఆల్బమ్‌కేమో నంబర్ వన్ రికార్డ్ అని పెట్టుకున్నారు.

నంబర్ వన్ సంగతి అట్లా ఉంచండి, అది అసలు షాపుల్లోకే సరిగ్గా వెళ్లలేదు. పంపిణీ చేయాల్సింది స్టాక్స్ అనే కంపెనీ. ఓటిస్ రెడ్డింగ్ లాంటి సోల్ గాయకుల కంపెనీ అది, పెద్ద పేరున్నది. సోల్ అంటే అక్కడి నల్లజాతివాళ్ల పాటలు. తెల్ల కుర్రాళ్ల గిటారు పాటల్ని ఏ షాపుకి పంపాలో వాళ్లకి అలవాటు లేదు. తర్వాత పంపిణీ కొలంబియా అనే ఇంకో రికార్డుల కంపెనీ చేతికి వెళ్లినా లాభం లేకపోయింది. పత్రికలేమో ఆకాశానికెత్తాయి. ఇందులో ప్రతి పాటా సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వేయదగ్గదే అని బిల్‌బోర్డ్ రాసింది. చదివినవాళ్లు షాపుకి వెళ్లి అడిగితే లేదన్నారు. పదివేల కాపీలు కూడా అమ్ముడుపోలేదంటారు.

గోడౌన్లో సరుకుండి, కొనేవాడుండి, మధ్యలో లారీ రాకపోతే ఎట్లా ఉంటుందో ఈ జిల్లాలో పొగాకు పండించినవాళ్లకి చెప్పక్కర్లేదు.

క్రిస్ బెల్ తట్టుకోలేకపోయాడు. ఆ ఏడాది తిరక్కముందే బ్యాండ్ నుంచి వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ కలిసి రేడియో సిటీ చేశారు. దానికీ అదే గతి. మూడో ఆల్బమ్ 1974లో రికార్డు చేస్తే 1978 దాకా విడుదలే కాలేదు. ఆ సంవత్సరమే మొదటి రెండిట్నీ ఇంగ్లండులో కలిపి మళ్లీ వేశారు, ఎక్కడో ఒకచోట వినడం మొదలుపెట్టారు. క్రిస్ బెల్ అప్పటికి మెంఫిస్‌లో తమ కుటుంబం నడిపే రెస్టారెంటులో పనిచేస్తున్నాడు. 1978 డిసెంబరు 27న కారు స్తంభానికి గుద్దుకుని పోయాడు. ఇరవై ఏడేళ్లు.

పదో పాట ఆయనదే. ట్రై ఎగైన్. దేవుడితో మాట్లాడుకుంటాడు అందులో, ప్రయత్నిస్తూనే ఉన్నాను ప్రభూ అని. తర్వాత జరిగింది తెలిశాక ఆ పాట వినడం కష్టం. నేను చాలాసార్లు తొమ్మిది తర్వాత పదకొండుకి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు వెళ్లడం లేదు. వింటున్నాను.

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పద్యనాటకాల మనిషి. తిరణాలకి నాటకం వేస్తే, దుప్పటి చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. హరిశ్చంద్ర రాత్రంతా నడుస్తుంది. నేను నిద్రపోయేవాణ్ణి. కాటిసీను వచ్చేటప్పుడు భుజం తట్టి లేపేవాడు. జాషువా పద్యాలు వచ్చేది అప్పుడే. ఒకసారి అడిగాను, ఆ ఒక్క సీనుకే వద్దాంలే నాన్నా, ముందరిదంతా ఎందుకు అని. ఆయన అన్నాడు, ముందరిదంతా కూర్చుంటేనేరా ఆ పద్యం వచ్చేది అని. వచ్చేది అన్నాడు, వినేది అనలేదు. ఆ తేడా నాకు ఈ ఆల్బమ్ దగ్గర తెలిసింది. థర్టీన్ ఒక్కటే వింటే మంచి పాట. మొదటి పాట కేకలు, రెండో పాట నిబ్బరం, మూడో పాటలో వీధిలో ఖాళీగా తిరిగే కుర్రాళ్ల హుషారు, అవన్నీ దాటుకుని వచ్చి ఒక్కసారిగా డ్రమ్ములు ఆగిపోయి ఆ గిటారు ఎత్తుకుంటే, అప్పుడు ఆ పాట వస్తుంది. అది ముగిసీ ముగియగానే అయిదో పాట మళ్లీ గట్టిగా తలుపు తోసుకుని వచ్చినట్టు మొదలవుతుంది. మొదట్లో దాని మీద కోపం వచ్చేది నాకు. ఇప్పుడు అది లేకపోతే తోచదు.

రెండో పాట నిబ్బరం అన్నాను కదా. ద బ్యాలడ్ ఆఫ్ ఎల్ గూడో దాని పేరు. ఎన్ని వచ్చి పడ్డా నన్నెవరూ వెనక్కి తిప్పలేరని పాడతారు, చివర్లో గొంతులన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ. అది నాకు ఎప్పుడు కావలసి వచ్చిందంటే, 2009లో. ప్రపంచమంతా ఇళ్లు కట్టడం ఆగిపోయింది, రాయి ఆర్డర్లు పడిపోయాయి. నేను పనిచేసిన చోట నాలుగు నెలలు జీతాలు ఆపేశారు. ఇస్తామన్నారు, చివరికి సగమే ఇచ్చారు. పాప ఫీజు కట్టాలి. ఆ నాలుగు నెలలూ చీమకుర్తి నుంచి ఒంగోలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోజూ అదే పాట విన్నాను. జీతం ఏమీ రాలేదు దానివల్ల. కానీ బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు మామూలు మొహంతో నడవగలిగాను, ఇంట్లోవాళ్లకి ఆ టెన్షన్ కనపడకుండా. ఒక పాటని అంతకంటే ఏం అడుగుతాం?

ఆరో పాట గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు, ఎందుకంటే దాని పేరు ద ఇండియా సాంగ్. ఆండీ హమ్మెల్ రాసి పాడింది. ఇండియా వెళ్లిపోయి, అడవిలో తెల్లటి మేడలో ఉండిపోవాలని కలగంటాడు. పిల్లనగ్రోవి లాంటి స్వరం ఒకటి తిరుగుతుంటుంది పాటలో. చాలామంది ఆ ఆల్బమ్‌లో దాన్ని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. ఆ కుర్రవాడు మన దేశం చూడలేదు. వాడు ఊహించుకున్న ఇండియాలో మన ఎండ లేదు, రాతి దుమ్ము లేదు. కానీ నేను కూడా మెంఫిస్ చూడలేదు కదా. ఆ నది, ఆ స్టూడియో, ఎదురుగా పచారీ షాపు బోర్డు, ఇవన్నీ చీమకుర్తిలో కూర్చుని నేను కట్టుకున్నవే. వాడి తెల్ల మేడ ఎంత నిజమో నా మెంఫిస్ అంత నిజం. ఆయన తర్వాత బ్యాండ్ వదిలేసి చదువు పూర్తి చేసుకుని ఇంజనీరయ్యాడు. 2010 జులైలో పోయాడు. అదే ఏడాది మార్చిలో చిల్టన్ పోయాడు. 2014లో జాన్ ఫ్రై. బ్యాండ్‌లోని ఆ నలుగురిలో మిగిలింది డ్రమ్ములు వాయించిన స్టీఫెన్స్ ఒక్కడే.

ఈలోపు వాళ్లకి పేరు వచ్చిందనుకోండి. ఆర్.ఇ.ఎమ్. లాంటి పెద్ద బ్యాండ్‌లు మేం వీళ్ల పాటలు విని నేర్చుకున్నాం అని చెప్పాయి. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక అయిదు వందల గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేస్తే, బిగ్ స్టార్ చేసిన మొదటి మూడు ఆల్బమ్‌లూ అందులో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల ముందు ఒక లారీ సరిగ్గా వెళ్లి ఉంటే ఆ జాబితా అవసరం ఉండేది కాదు, ఆ క్రిస్ బెల్ రెస్టారెంటులో పనిచేసేవాడు కాదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. పేరు తర్వాత వచ్చిందిలే అని సర్దుకోవడం నాకు చేతకాదు.

మా పాప ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. తనకి పదమూడేళ్లు వచ్చినప్పుడు ఈ పాట వినిపించాను. ఏమీ అనలేదు. బోరు కొట్టిందేమో అనుకున్నాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వంటింట్లో వాళ్లమ్మ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూనిరాగం తీస్తోంది. చెవి పెట్టి విన్నాను. నాలుగో పాటే. మాటలతో సహా. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. లోపలికి వెళితే ఆపేస్తుందని.

సరే, ఇక మాటలు చాలు. ఇదిగో, ఇదే ఆ సీడీ. గీతలు పడింది, తొమ్మిదో పాటలో ఒకచోట ఎగురుతుంది. అందుకని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాను. మొదటి నాలుగు పాటలూ వరసగా పెడతాను. మొదటిది గోలగా ఉంటే కాస్త ఓపిక పట్టండి, లేచి వెళ్లకండి. బాబూ, ఆ ఫ్యాను కట్టేయ్. లైటు కూడా.